మోచేతి మడత

తలుపు వేసుకోగానే పీల్చే మొదటి ఊపిరినే నమ్మాలి. మూడో ఊపిరికల్లా ముక్కు సర్దుకుపోతుంది, ఆ తర్వాత చచ్చిన ఎలుకను పక్కన పెట్టుకు కూర్చున్నా ఏమీ తెలియదు. అందుకే ఆమె షెడ్డు నీడలో నిలబడి లోపలి గాలంతా వదిలేసి, ఊపిరి బిగబట్టి, అద్దాలు బిగించి ఎండలో ఉంచిన ఆ పెద్ద నల్ల కారు వెనక తలుపు తీసి ఎక్కి, తలుపు లాక్కుని, అప్పుడు పీల్చింది. సబ్బు నురగ, ఆరిన కార్పెట్టు, ఏసీ జాలీల్లోంచి బ్రష్షుతో దులిపిన దుమ్ము, వేడెక్కిన తోలు, ఇవన్నీ ఉండాల్సిన వాసనలే, ఉన్నాయి. వాటి వెనకాల సన్నగా పులిసిన పాలు. ఇంకా ఉంది. పొద్దుటి నుంచి కడిగి, ఆవిరి పట్టి, మందు కొట్టి, మిషనుతో పీల్చి ఆరబెట్టినా పోలేదు. వెనక సీటు, ఎడమ వైపు, బెల్టు కొక్కెం దిగే గుంట దగ్గర. వేలు పెట్టి చూపించగలదు. చూపించే పని కూడా లేదు, చేతిలో ఉన్న పసుపు గుడ్డను మడిచి అక్కడ పెట్టి దిగిపోతే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు. గుడ్డ ఆమె ఒళ్ళోనే ఉంది. ముందు అద్దం రెండు వేళ్ళ మందం దించి, తోలు క్రీము డబ్బా మూత తిప్పింది. డ్రైవరు మూడింటికి వస్తానన్నాడు, ఇప్పుడు రెండయింది.

తోలు వేడి మీద ఉన్నప్పుడే క్రీము పట్టాలి, చల్లారితే పైపైనే ఉండి జిడ్డు తేలుతుంది. కొంచెం తీసుకుని గుడ్డ మీద వేసి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రాయాలి. కుట్ల దగ్గర మాత్రం వేలితో. ఈ పని చెయ్యడానికే ఆమె షెడ్డుకి వస్తుందని పైపనివాళ్ళిద్దరూ అనుకుంటారు. బయట నీళ్ళ పైపులు పట్టుకుని చక్రాలు కడుగుతున్నారు ఇద్దరూ, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఇద్దరికీ నోరు మాత్రం సమానమే. అమ్మగారికి ఇంట్లో తోచక క్రీము రాసిపోతుంటారని వచ్చినవాళ్ళతో చెప్తారు. అనుకోనీ. షెడ్డు ఆయనది, పేరూ ఆయనదే. కారు లోపల శుభ్రం చేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, ముక్కు అంటే మాత్రం ఆమె మొగుడొక్కడే. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళు అంటారు, ముక్కుగారున్నారా అని ఫోన్ చేస్తారు. ఎప్పుడో ఒక పెద్దమనిషి కారు అమ్మడానికి తెచ్చి ఇందులో బీడీ ముక్క కూడా వెలగలేదని ఒట్టేస్తుంటే, ఈయన తల లోపల పెట్టి తీసి, కాల్చింది మీరు కాదు, పక్క సీట్లో కూర్చునేవాళ్ళు, ఆవిడ మల్లెల అత్తరు పూసుకుంటారు అన్నాడట. పెద్దమనిషి పక్కన పెళ్ళాం ఉంది, పెళ్ళానికి అత్తరు అలవాటు లేదు. ఆ కథ ఊరంతా చెప్పుకుంది. ఆయనే ఇంకా చెప్పుకుంటున్నాడు.

ఆ ముక్కు పోయి మూడేళ్ళయింది. పది రోజులు జ్వరంతో పడుకుని, లేచిన రోజు స్నానానికి వెళ్ళి, సబ్బు పట్టుకుని అలాగే బయటికి వచ్చాడు. సబ్బు వాసన చూశాడు, వంటింట్లో సీసాల మూతలు తీసి చూశాడు, తన చెప్పుల్లో కూడా ముక్కు పెట్టి చూశాడు. ఆఖరికి నేలమీద చతికిలబడి, ఆమె ఒళ్ళో తల పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరికీ చెప్పకు, తెలిస్తే నేను చచ్చినట్టే అన్నాడు. ఆమె చెప్పలేదు. కన్నతల్లికి కూడా చెప్పలేదు. చెప్పకపోగా మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వచ్చి, క్రీము రాస్తానని కారెక్కి కూర్చుని, వాసన ఉన్నచోట పసుపు గుడ్డ మడిచి పెట్టి దిగింది. తనకంత ముక్కుందని అప్పటిదాకా ఆమెకూ తెలియదు, ఇంట్లో ఒక ముక్కుండగా రెండోదాని అవసరం ఎవరికి? అప్పటి నుంచి అదే పద్ధతి. ఎక్కడ వాసనుంటే అక్కడ గుడ్డ. ఏమీ లేకపోతే గుడ్డ భుజాన వేసుకుని దిగుతుంది. తర్వాత ఆయన వచ్చి, కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేసి, గుడ్డ ఉన్నచోటికి సరిగ్గా వేలు చాపి ఇక్కడ అంటాడు. చూసేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. ఆమె క్రీము డబ్బా మూత బిగించుకుంటూ పక్కన నిలబడుతుంది. మూడేళ్ళలో ఒక్క రోజు కూడా ఆయన మంచి పని చేశావు అనలేదు. అననక్కర్లేదని ఆమే సరిపెట్టుకుంది, మొగుడూ పెళ్ళాల మధ్య మెహర్బానీలేమిటని. పిచ్చిది.

వెనక సీటు వీపు వైపు అయింది. ముక్కు అలిసిపోయింది, పాల వాసన తెలియడం మానేసింది. మోచేయి మడిచి, ఆ మడతలో ముక్కు పెట్టి, రెండు ఊపిర్లు తీసుకుంది. ఇదీ ఎవరూ నేర్పలేదు. ఎవరి ఒంటి వాసన వాళ్ళకు తెలియదు, అందుకని అక్కడ ముక్కు పెడితే పలక తుడిచినట్టు అన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ మొదటి ఊపిరి దొరుకుతుంది. కార్లవాళ్ళూ అంతే. కుళ్ళు కంపు కొట్టే కారు తెచ్చి, నా కారులో ఏ వాసనా లేదండీ, మా ఆవిడే గోల పెడుతోంది అంటారు. వాళ్ళు అబద్ధమాడరు పాపం. రోజూ అందులో కూర్చునేవాడికి ఎలా తెలుస్తుంది? బయటివాడెవడో ఎక్కి ముఖం చిట్లిస్తే తప్ప. ముఖం చిట్లించడమంటే, నిన్న ఆ పిల్ల చిట్లించింది. ఆ పిల్లను తలుచుకోకూడదనే పొద్దుటి నుంచి ఇంత పని నెత్తిన వేసుకుంది, అయినా తలపుకొచ్చింది.

నిన్న ఆడపడుచు కొడుకు కొత్త కారు కొన్నాడని భోజనానికి పిలిచారు. అందరూ కారు చుట్టూ మూగారు, మామయ్య వాసన చూసి చెప్పాలి అని గోల. ఆయన కూర్చుని, కళ్ళు మూసి, కొత్త ప్లాస్టిక్కు, కొత్త తోలు, షోరూములో ఎవడో చిప్సు తిన్నాడు అన్నాడు. కొత్త కారులో కొత్త ప్లాస్టిక్కుందని చెప్పడానికి ముక్కెందుకు, మూతి చాలు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వింది. భోజనాలయ్యాక హాల్లో కూర్చుని ఉంటే ఆడపడుచు మొగుడు మొదలుపెట్టాడు, మనుషుల వాసన కూడా చెప్తావా బావా అని. ఇంకేం, ఈయన లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, అక్కయ్యకు తలనూనె, అల్లుడికి పెట్రోలు, వియ్యంకుడికి నిద్ర వాసన అని చెప్తూ, పొట్టలు చెక్కలయ్యేలా నవ్విస్తూ, ఆమె ముందుకొచ్చి ఆగాడు. వంగను కూడా వంగలేదు. దీని సంగతి చెప్పాలంటే ముందు కిటికీలు తీయండి అన్నాడు. తడిగుడ్డ మరిచిపోయి మూడు రోజులు అద్దాలు బిగించిన కారు తలుపు తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అన్నాడు. అంత వివరంగా అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. ఆమె ఒళ్ళో ఆడపడుచు మనవరాలు కూర్చుని ఉంది, నాలుగేళ్ళ పిల్ల, అప్పటిదాకా ఆమె గాజులు లెక్కపెడుతోంది. తలెత్తి చూసి, ముఖం చిట్లించి, ఒళ్ళోంచి జారి, వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. ఆమె నవ్వుతూనే ఉంది. బుగ్గలు నొప్పెట్టేదాకా నవ్వింది.

ముక్కే లేనివాడు అన్న మాట అది. ఆ మాటే నిన్నటి నుంచి పట్టుకుని వేలాడుతోంది. వాడికి పువ్వూ పేడా ఒకటే, నా వాసన వాడికెలా తెలుస్తుంది? నవ్వించడానికన్నాడు, ముక్కున్నట్టు కనిపించాలని అన్నాడు, నన్నంటే ఎవరూ ఏమీ అనుకోరని అన్నాడు. పిల్లదేముంది, పెద్దవాళ్ళు నవ్వితే నవ్వుతుంది, చిట్లిస్తే చిట్లిస్తుంది. ఇంటికొచ్చాక ఎందుకు రెండుసార్లు స్నానం చేశావు మరి? చేశాను, ఉక్కగా ఉంది. ఒళ్ళంతా సబ్బు రుద్దావే. రుద్దాను. అయినా అందరిముందూ లేచి నిలబడి, ఈయనకు జలుబుకీ జవ్వాజికీ తేడా తెలియదు, మూడేళ్ళుగా మీరు మెచ్చుకునే ముక్కు నాది అని ఉంటే? నాలుక చివరిదాకా వచ్చింది. అననందుకు ఇప్పుడు తన్ను తాను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపిస్తోంది. అనలేదు. కానీ ఇవాళ ఈ కారు దొరికింది.

డ్రైవరు పొద్దున కారు దింపుతూ మొత్తం చెప్పాడు, డ్రైవర్లు చెప్పనిదేముంది. కారు లాయరు గారిది. పెద్దమ్మాయి కొడుకు పాలసీసా సీట్లో ఒలికి వారమైంది. ఇప్పుడు చిన్నమ్మాయికి నాలుగో నెల, ఏ వాసన తగిలినా కడుపులో ఉన్నదంతా కక్కేస్తోంది, మంచినీళ్ళు కూడా ఇమడక నిన్న సెలైను పెట్టించారు. ఈ సాయంత్రం ఐదు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు. మీ చేతిలో పెడుతున్నా ముక్కుగారూ, కారు మంచినీళ్ళలా ఉండాలి, తేడా వస్తే లాయరు గారు నన్నూ మిమ్మల్నీ ఇద్దర్నీ బతకనివ్వరు అన్నాడు. ఈయన గుండెమీద చెయ్యేసుకుని, నేను ఊపిరి పీల్చి సరే అన్నాక ఇంకెవరి ముక్కుకీ పనుండదు అన్నాడు. ఆ ధీమా చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి ఊపిరి, ఎవరి సరే?

ఇప్పుడు ఆ చిన్నమ్మాయి తల ఆనించే చోట క్రీము రాస్తోంది. మెత్తని తోలు, పసిపిల్లల బుగ్గలా ఉంది. వాళ్ళు ఇక్కడే పడుకోబెడతారు, దిండు ఇటువైపే పెడతారు, ముఖం సరిగ్గా ఆ గుంట మీదికి వస్తుంది. అద్దాలు బిగించి ఏసీ పెడతారు. మొదటి పావుగంట ఏమీ ఉండదు, ఇవాళ కొట్టిన మందు వాసన కప్పేస్తుంది. తర్వాత సీటు వేడెక్కుతుంది, అప్పుడు లేస్తుంది. పిల్ల కక్కుకుంటుంది, కక్కడానికేమీ లేక పైత్యం కక్కుకుంటుంది, లాయరు గారు ఫోన్ తీస్తాడు. ఊపిరి పీల్చి సరే అన్నావు కదయ్యా ముక్కూ అంటాడు. రేపటికి ఊరంతా తెలుస్తుంది. ఆ ముఖం చూడాలి. ఆ అమ్మాయి ఎవరో ఏమిటో, ఎందుకు ఈ గొడవలో పడాలి అని లోపల ఏదో గొణిగింది. పడనీ. నేను పడలేదా? నా ఒళ్ళోంచి పిల్ల జారిపోతే ఎవరడిగారు? వేలితో కుట్టు వెంట క్రీము దిగేలా రాసింది, ఒక్క గీత కూడా ఎండకు పగలకుండా, ఏడాదిపాటు నిగనిగలాడేలా.

డ్యాష్‌బోర్డుకి వచ్చింది. దీనికి క్రీము పనికిరాదు, వేరే మందు, ఎండకు వెలిసిపోకుండా. స్టీరింగుకీ పెడళ్ళకీ మాత్రం తగలనివ్వకూడదు, జారుతాయి. ఆ మాట ఆయనే నేర్పాడు, పెళ్ళైన కొత్తల్లో, ఇదే షెడ్డులో, తన చెయ్యి పట్టుకుని గుడ్డ తిప్పిస్తూ. అప్పట్లో సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆమె భుజం దగ్గర ముక్కు పెట్టి, ఇవాళ ఇస్త్రీ చేశావు, మీ అమ్మ వచ్చి వెళ్ళింది, మధ్యాహ్నం ఏడ్చావు అని చెప్పేవాడు. ఏడుపుక్కూడా వాసనుంటుందా అని భయపడేది, భయపడుతూనే మర్నాడు సాయంత్రం కోసం చూసేది. జ్వరం తర్వాత దగ్గరికి రావడం మానేశాడు. సిగ్గేమో, పోయిన ముక్కు గుర్తొస్తుందేమో అనుకుని ఆమె అడగలేదు. మొన్న వానలు మొదలయ్యాక గదిలో గాలాడటం లేదని పక్క కూడా హాల్లో బల్లమీదికి మార్చుకున్నాడు. వానాకాలంలో ఉక్కేమిటి, అయినా ఫ్యాను పాతదే మరి. కొత్త ఫ్యాను వేయించమని చెప్పాలనుకుంది, పనుల్లో పడి మరిచిపోయింది.

ఎక్కడో ఒకచోట కోపం కాస్త జారింది. ఆ కొత్తల సాయంత్రాలవల్లనో, వంచిన మెడ నొప్పివల్లనో, చేస్తున్న పని శుభ్రంగా వస్తున్నందువల్లనో. వంక లేకుండా చేసిన పనిలో ఒక్కచోట వంక వదలడం చేతికి కష్టంగా ఉంది. నాలుగో నెల కడుపుతో ఉన్న పిల్ల. మంచినీళ్ళు కూడా ఇమడటం లేదు. వెనక్కి తిరిగి, సీట్ల మధ్యలోంచి వంగి, పసుపు గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఆ గుంట దగ్గరికి చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే అద్దం మీద టకటకమని చప్పుడు. ఆయన. వెనకాల పొడుగువాడూ పొట్టివాడూ పైపులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అయిందా? ఎంతసేపు కూర్చుంటావు లోపల," అన్నాడు అద్దం సందులోంచి. "అద్దాలు పూర్తిగా దించు. పాల వాసన పోగొడితే నీ వాసన పట్టేట్టుంది."

పొట్టివాడు పైపు కింద పడేసి మరీ నవ్వాడు. పొడుగువాడు ఆమెను చూసి, నవ్వాలో వద్దో తెలియక, ఆయన ముఖం చూసి నవ్వాడు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గుడ్డ మడతలు విప్పింది. అద్దాలు నాలుగూ పూర్తిగా దించింది, ఆయన చెప్పినట్టే. డ్యాష్‌బోర్డు మిగిలిన మూల తుడిచింది, గేరు రాడ్డు తుడిచింది, తలుపుల పిడులు తుడిచింది. తొందరేమీ పడలేదు. మనసు ఎంత చల్లగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. కక్కుకోనీ. దారి పొడుగునా కక్కుకోనీ. మూడు కావడానికి పది నిమిషాలుండగా పసుపు గుడ్డ భుజాన వేసుకుని కారు దిగింది.

ఆయన దూరం నుంచి భుజం వైపు చూశాడు, తలాడించాడు. డ్రైవరు వచ్చాడు. ఇక తంతు మొదలైంది. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, అద్దాలు ఎత్తించి, కాసేపాగి, వెనక తలుపు తీసి, కళ్ళు మూసుకుని తల లోపల పెట్టాడు. సరే అనబోతున్నాడు, అను, గట్టిగా అను అని ఆమె మనసులోనే తొందరపెట్టింది. ఆయన అనలేదు. తల ఇంకాస్త లోపలికి పోయింది. మోకాలు సీటు మీద ఆనించి, ఎడమ వైపుకి వంగి, ముక్కు బెల్టు కొక్కెం దగ్గర పెట్టాడు. గుడ్డ లేదు అక్కడ. గుడ్డ ఆమె భుజం మీద ఉంది. పాలు ఒలికింది వెనకాలని డ్రైవరు చెప్పాడుగా, అందుకని అటు వెళ్ళాడేమో, నాటకం రక్తి కట్టాలని వంగాడేమో.

"ఇంకో అరగంట ఆగాలి," అన్నాడు బయటికి వచ్చి. "ఈ గుంటలోంచి లోపలికి కారాయి పాలు. సీటు కింద మెత్తలో ఉన్నాయి."

సీటు కింది భాగం ఊడదీశారు. మెత్త అడుగున అరచేయంత మేర పసుపుపచ్చగా గట్టిపడిన పాల పెంకు. పొట్టివాడు ఓరి నాయనో అన్నాడు. డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ముక్కంటే మీదేనండీ, అమ్మాయిగారిని కాపాడారు అన్నాడు. ఆయన ఆ మెత్త ముక్క కోసి పారేయించి, మందు కొట్టించి, కొత్త మెత్త పెట్టించి, మళ్ళీ తల లోపల పెట్టి, ఈసారి ఒక్క ఊపిరికే సరే అన్నాడు. కారు వెళ్ళిపోయింది. ఆమె కుళాయి దగ్గర అలాగే నిలబడి ఉంది. ఆయన చేతులు కడుక్కోవడానికి అక్కడికే వచ్చాడు.

"ఎప్పటి నుంచి?" అంది.

"వానలప్పటి నుంచి," అన్నాడు, సబ్బు చేతుల మధ్య తిప్పుకుంటూ, ఆమె వైపు చూడకుండా. "కొంచెం కొంచెంగా వచ్చింది. ఇప్పుడు మొత్తం తెలుస్తోంది."

"మరి నాచేత ఇంకా ఎందుకు..."

"సరిగ్గా చెప్తున్నావో లేదో చూద్దామని. ఇన్నాళ్ళూ ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు నువ్వు." నీళ్ళు దులుపుకున్నాడు. "ఇవాళ చెప్పావు."

చేతులు తుడుచుకోవడానికి ఆమె భుజం మీది గుడ్డ తీసుకోబోయి, ఆగి, తీగమీద ఆరేసిన గుడ్డ తీసుకుని వెళ్ళిపోయాడు. అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. అడగలేదు. వానలప్పుడే కదా పక్క హాల్లోకి మార్చింది. గదిలో గాలాడటం లేదన్నాడు, ఫ్యాను గురించి ఒక్క ముక్క అనలేదు. తను పక్కన కూర్చుంటే కిటికీ వైపు జరిగేవాడు, బస్సులోనూ జరిగాడు. నిన్న వంగి వాసన చూడను కూడా లేదు, చూడాల్సిన పని లేకే కదా. తడిగుడ్డ, మూడు రోజులు, అద్దాలు బిగించిన కారు. అంత వివరంగా చెప్పాడు. పిల్ల పెద్దవాళ్ళ నవ్వు విన్నాక చిట్లించిందా, అంతకుముందే చిట్లించిందా, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పైపనివాళ్ళు టీకి వెళ్ళారు. షెడ్డు వెనక సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, మోచేయి మడిచి ముక్కు ఆనించింది. తోలు క్రీము వాసన వచ్చింది. మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతి దాకా కడుక్కుని వచ్చి ఆనించింది. సబ్బు. కొంగుతో చర్మం ఎర్రబడేలా తుడుచుకుంది, అది ఆరేదాకా కూర్చుంది. అప్పుడు లోపలి గాలంతా వదిలేసి, కళ్ళు మూసుకుని, మొదటి ఊపిరి పీల్చింది. రోజూలాగే అక్కడ ఏ వాసనా లేదు.